వీధికుక్కను ఇంటికి తెచ్చుకోవాలంటే: ఇంట్లో మాట అనుకున్న రోజు నుంచి ఆరు నెలల దాకా

“మా సందులో ఒక కుక్క మా వాకిలి వదలడం లేదు, ఇంట్లో పెట్టుకుందామనుకుంటున్నాం, ముందు ఏం చేయాలి?” నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. పని వరుస కింద ఇస్తున్నాం. తెచ్చుకున్న కుక్క నెల తిరక్కుండా మళ్లీ వీధిన పడిందంటే చాలాసార్లు తప్పు కుక్కది కాదు. తొందరపడి తేవడం, పక్కింటివాళ్లతో ముందు మాట్లాడకపోవడం, ఈ రెండే కొంప ముంచుతాయి. అందుకే ఈ వరుసలో కుక్కను పట్టుకోవడం ఐదో మెట్టు.

## 1. ఇంట్లో తేల్చుకోవాల్సినవి

ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని వీటికి పేర్లతో సహా జవాబు చెప్పుకోండి. “అందరం చూసుకుంటాం” అంటే ఎవరూ చూసుకోరని అర్థం.

- తెల్లారి 5:30కి బయటికి తిప్పేది ఎవరు? రాత్రి 9కి ఎవరు?
- సంక్రాంతికి ఊరెళితే కుక్క ఎక్కడ ఉంటుంది?
- టీకాలు, మందులు, తిండి ఖర్చు నెలనెలా ఎవరి చేతి నుంచి?
- అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నారా? ఆ ఒప్పుకోలు వాట్సాప్ మెసేజీగా అయినా రాతలో ఉందా?
- ఇంట్లో ఆయాసం, ఉబ్బసం ఉన్నవాళ్లున్నారా?

మడి పాటించే పెద్దవాళ్లుంటే వాళ్లను ఒప్పించడానికి వాదన పనికిరాదు, గీత గీయడం పనికొస్తుంది. వంటిల్లు, పూజగది, నమాజు చేసుకునే చోటు కుక్కకు మొదటి రోజు నుంచే నిషిద్ధం. అక్కడ రెండున్నర అడుగుల చెక్క అడ్డు పెట్టండి. ఒకరోజు రానిచ్చి మరోరోజు తరిమితే కుక్కకు అర్థం కాదు, నాయనమ్మకు కోపం తగ్గదు. ఒక్కరు గట్టిగా వద్దంటున్నా ఆగండి. ఆ కుక్కను వీధిలోనే బాగా చూసుకునే దారి ఉంది, అది 11వ భాగంలో.

## 2. ఇరుగుపొరుగుతో ముందే మాట

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇది. ఎడమ, కుడి, ఎదురు, వెనక ఇళ్లకు వెళ్లి కలవండి. మిద్దె మీద వేరేవాళ్లుంటే వాళ్లనూ కలవండి. అనుమతి అడుగుతున్నట్టు కాదు, కబురు చెబుతున్నట్టు మాట్లాడండి: “అక్కా, ఆ గోధుమరంగు కుక్కను మేం లోపల పెట్టుకుంటున్నాం. టీకాలు వేయిస్తాం. మొదటి వారం రాత్రిళ్లు మొరగొచ్చు. ఇబ్బందైతే ముందు నాకు ఫోన్ చేయండి.”

ఆ చివరి వాక్యం ముఖ్యం. ఫోన్ చేయడానికి మనిషి ఉంటే గొడవ మున్సిపాలిటీ దాకా పోదు. ఇంతకుముందు ఆ కుక్కకు అన్నం పెట్టేవాళ్లు ఎవరో కనుక్కుని వాళ్లతో విడిగా మాట్లాడండి. దాని వయసు, ఈనిందా లేదా, ఎవరిమీదకైనా వెళ్లిందా అన్నది వాళ్లకే తెలుస్తుంది. వాళ్లు పెట్టడం ఆపకపోతే కుక్క రోజూ గేటు దూకి అక్కడికే పోతుంది.

అపార్ట్‌మెంటులో ఉంటే, పెంపుడు జంతువులను సంఘాలు పూర్తిగా నిషేధించరాదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం చూపించి మొదలుపెట్టొద్దు. లిఫ్టు వేళలు, మెట్ల శుభ్రం మీరే ముందుగా ఒప్పుకుంటే కాగితం తీసే అవసరం రాదు.

## 3. ఇల్లు సిద్ధం చేయడం

కుక్క మూతి ఎత్తు నుంచి ఇల్లు చూడండి.

- గేటు కింద ఖాళీ నాలుగు వేళ్లకు మించకూడదు. ప్రహరీ 5 అడుగులు ఉండాలి. గోడ పక్కన ఇటుకలు, డ్రమ్ములు ఉంటే తీసేయండి, అవే మెట్లవుతాయి.
- సంపు మూత, బావి మీద జాలీ.
- ఎలుకల మందు, బొద్దింకల మందు, గడ్డిమందు డబ్బాలు ఇంట్లోంచి పూర్తిగా బయటికి. అటక మీద పెట్టినా మందు తిని చచ్చిన ఎలుక కింద పడుతుంది.
- జనరేటరు, ఇన్వర్టరు తీగలు గొట్టంలోకి.
- పడుకునే చోటు: నడవలోనో వసారాలోనో, మూడు వైపులా గోడ ఉన్న మూల. కింద రెండు గోనెపట్టాలు, పైన పాత దుప్పటి. నున్నటి టైల్స్ మీద కుక్క జారుతుంది, నడవడానికే భయపడుతుంది. గుమ్మం నుంచి ఆ మూల దాకా కూడా పట్టాలు పరవండి.

కొనాల్సినవి: వెడల్పు మెడపట్టీ, ఛాతీకి వేసే పట్టీ, రెండు మీటర్ల నవారు తాడు, బరువైన రెండు గిన్నెలు, గోమార్లు (పిడుదులు) తీసే చిన్న చిమటా, డిజిటల్ థర్మామీటరు. గొలుసు కొనొద్దు.

## 4. ఈ కుక్కేనా?

మూడు రోజులు దూరం నుంచి గమనించండి. చెవి కొసన చిన్న కత్తిరింపు ఉంటే దానికి ఇప్పటికే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందని గుర్తు. మెడకు పాత పట్టీ మచ్చ ఉంటే ఎవరిదో తప్పిపోయిన కుక్క కావచ్చు, ముందు వీధిలో వాకబు చేయండి.

కుక్కపిల్లలైతే ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి తీయొద్దు. ముందే తీసిన పిల్ల ఎంత గట్టిగా కరవకూడదో నేర్చుకోదు. ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇంటికి పిల్లకంటే రెండేళ్ల కుక్క నయం. పిల్ల ముద్దుగా ఉంటుంది, కానీ మూడు నెలల పిల్ల నాలుగు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు.

కింది లక్షణాలు రేబిస్‌వి (పిచ్చికుక్క రోగం) కావచ్చు. ఏది కనిపించినా దగ్గరికి పోవద్దు. పిల్లలను లోపలికి పంపి మున్సిపాలిటీకో పంచాయతీకో, దగ్గరి పశువైద్యశాలకో చెప్పండి:

- దవడ వేలాడుతూ చొంగ కారడం
- గొంతు మారిపోయి బొంగురుగా అరవడం
- కారణం లేకుండా రాయి, కర్ర, టైరు కరవడం
- వెనక కాళ్లు తూలడం, మింగలేకపోవడం

## 5. పట్టుకోవడం

వల, ఉచ్చు, గోనెసంచి వద్దు. ఒకసారి అలా దొరికిన కుక్క మీ చేతిని నెలల తరబడి నమ్మదు.

మొదటి రోజు నుంచి మూడో రోజు దాకా: ఒకే మనిషి, ఒకే వేళ, ఒకే చోట. తిండి పెట్టి పది అడుగులు వెనక్కి వచ్చి పక్కకు తిరిగి కూర్చోండి. కళ్లలోకి చూడొద్దు.

నాలుగు, ఐదు రోజుల్లో గిన్నె మీ పక్కనే పెట్టండి. అది తినేటప్పుడు తల మీద చేయి వేయొద్దు. చేయి కింది నుంచి తెచ్చి గడ్డం, ఛాతీ నిమరండి. ఆరో రోజు నవారు తాడును గిన్నె పక్కన పెట్టి వాసన చూడనివ్వండి. ఏడో రోజు తింటుండగా మెడకు వేయండి. పట్టీకి, మెడకు మధ్య రెండు వేళ్లు దూరాలి.

ఆటో అయితే డ్రైవరుకు ముందురోజే చెప్పి సీటు మీద పాత దుప్పటి పరవండి. షేర్ ఆటో ఎక్కించొద్దు. కుక్కపిల్లలను తేవడానికి రొయ్యల గుంటల దగ్గర వాడే రంధ్రాల ప్లాస్టిక్ ట్రేలు రెండు, మూతికి మూతి పెట్టి తాడుతో కడితే చాలు. ముందు సర్ఫుతో బాగా కడిగి ఎండబెట్టాలి.

భయంతో కరిచే కుక్కకు మూతి కట్టాల్సి వస్తే నాలుగు వేళ్ల వెడల్పు నూలుగుడ్డతో ముక్కు చుట్టూ ఒక చుట్టు, గడ్డం కింద ముడి, చెవుల వెనక కట్టు. ఐదు నిమిషాలు మించకూడదు. నోరు కట్టిన కుక్క రొప్పలేదు, మన ఎండల్లో అదే ప్రాణం మీదికి తెస్తుంది.

## 6. ఇంటికంటే ముందు ఆసుపత్రి

దారి వీధి నుంచి పశువైద్యశాలకు, అక్కణ్నుంచి ఇంటికి. పల్లెల్లో రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకులను అడిగితే డాక్టరు ఏ రోజు ఉంటారో చెబుతారు. సంచార పశువైద్య వాహనానికి 1962 టోల్ ఫ్రీ. పెద్ద శస్త్రచికిత్సలకు తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి దాకా వెళ్లాల్సి రావచ్చు.

డాక్టరును అడగాల్సినవి, ఈ వరుసలోనే:

1. బరువు, జ్వరం. మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మన 98.6తో పోల్చి కంగారు పడొద్దు.
2. రక్తపరీక్ష. గోమార్ల జ్వరం వీధికుక్కల్లో మామూలు. చిగుళ్లు పాలిపోవడం, ముక్కున రక్తం, తిండి మానేయడం గుర్తులు. నెల రోజుల దాకా మందు పడొచ్చు. కుక్క లేచి తిరుగుతోంది కదా అని మధ్యలో ఆపొద్దు.
3. నట్టల మందు. బరువును బట్టి మోతాదు, చాలా మాత్రలు 10 కిలోలకు ఒకటి. 15 రోజులకు మళ్లీ, ఆపైన మూడు నెలలకోసారి.
4. గోమార్లకు మందు. మెడ మీద చుక్కలుగా వేసేదైతే ముందు, తర్వాత రెండేసి రోజులు స్నానం వద్దు.
5. టీకాలు. పెద్ద కుక్కకు రేబిస్ టీకా, వేరుగా పార్వో, డిస్టెంపర్ (రెండూ కుక్కల ప్రాణం తీసే వైరస్ జబ్బులు), ఎలుకజ్వరం కలిసిన టీకా, అది 3–4 వారాలకు మళ్లీ. కుక్కపిల్లలకు కలిపి వేసే టీకా 6–8 వారాల నుంచి, రేబిస్ మూడు నెలలకు. ఆపైన ఏటేటా. జూలై 6న, జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) నాడు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేసే శిబిరాలు పెడుతుంటారు.
6. జననాంగం నుంచి చుక్కలుగా రక్తం కారుతోందా? వీధికుక్కల్లో సంపర్కంతో అంటుకునే కణితి ఒకటుంది. వారం వారం ఇంజెక్షన్లతో చాలావాటికి పూర్తిగా నయమవుతుంది. ఆ రక్తాన్ని ఎదకొచ్చిందని సరిపెట్టుకుని నెలలు పోగొట్టే ఇళ్లు చాలా.

గజ్జికి కాల్చిన ఇంజిన్ ఆయిల్, కిరసనాయిలు పూసే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. కుక్క దాన్ని నాకుతుంది, కాలేయం పోతుంది. ఇప్పుడు నోటికిచ్చే మాత్రతో గజ్జి వారాల్లో తగ్గుతుంది.

## 7. మొదటి 14 రోజులు

మొదటి మూడు రోజులు. స్నానం లేదు, చుట్టాలు లేరు, ఫొటోలు లేవు. కుక్క మూల వదలకపోయినా, తినకపోయినా కంగారు పడొద్దు. నీళ్లు తాగుతూ ఉంటే 24 గంటలు తినకపోవడం భయం వల్లే కావచ్చు, అంతకు మించితే డాక్టరుకు ఫోన్ చేయండి. బక్కచిక్కిన కుక్కకు జాలిపడి ఒకేసారి కడుపునిండా పెట్టడం పెద్ద తప్పు. వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. రోజుకు నాలుగుసార్లు, గుప్పెడు గుప్పెడు.

నాలుగు నుంచి ఏడు. మూత్రానికి రోజూ ఒకే వేళల్లో ఒకే చోటికి తీసుకెళ్లండి: నిద్ర లేవగానే, తిన్న 15 నిమిషాలకు, ఆట అయ్యాక, పడుకునే ముందు. బయట పోస్తే ఆ క్షణంలోనే చిన్న ముక్క తినిపించండి. ఇంటికొచ్చాక పెడితే ఇంటికొచ్చినందుకు అనుకుంటుంది.

ఇంట్లో పోస్తే మూతి రుద్దడం, కొట్టడం చేస్తే నేర్చుకునేది ఒక్కటే, మీకు కనబడకుండా మంచం కింద పోయడం. నేలను సర్ఫు నీళ్లతో కడిగి, వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి తుడవండి. ఫినాయిల్ మన ముక్కుకు వాసనను కప్పుతుందంతే, కుక్క ముక్కుకు కాదు.

రెండో వారం. పేరు. రెండక్షరాలు చాలు, సందుకు నలుగురు టైగర్లు ఉన్నారు కనుక ఇంకేదైనా పెట్టండి. ఎనిమిదో రోజు తర్వాత గోరువెచ్చని నీళ్లతో స్నానం, కుక్కల సబ్బుతో. ఇంట్లో మరో కుక్క ఉంటే 14 రోజులు దాటాకే ఎదురెదురు, అదీ ఇంట్లో కాదు, బయట, ఇద్దరు మనుషులు రెండు తాళ్లతో పక్కపక్కన నడిపిస్తూ.

రాత్రి మొరుగుడు ఈ రెండు వారాల్లోనే ఎక్కువ. వీధిలో రాత్రి కాపలా దాని పని, ఆ పని ఇంకా వదల్లేదు. గేటు కనిపించని చోట పడుకోబెట్టండి, పడుకునే ముందు 20 నిమిషాలు నడిపించండి. మొరిగినప్పుడు మీరూ అరిస్తే తోడొచ్చారనుకుంటుంది.

## 8. తిండి

15 కిలోల పెద్ద కుక్కకు రోజు మొత్తానికి, రెండు పూటలుగా:

- వండిన అన్నం 250 గ్రాములు
- ఉడికించిన ఎముకల్లేని కోడిమాంసం 200 గ్రాములు
- ఉడికించిన గుడ్డు 1
- గుమ్మడికాయ లేదా క్యారెట్ 50 గ్రాములు, ఉడికించి
- నూనె 1 టీస్పూను
- గుడ్డుపెంకు మెత్తటి పొడి అర టీస్పూను

చివరిది వదిలేయొద్దు. ఇంటి తిండిలో సున్నం (కాల్షియం) చాలదు. ఎదిగే కుక్కపిల్లలకు ఈ లెక్క సరిపోదు, డాక్టరు చెప్పిన కుక్కపిల్లల మేత పెట్టండి. శాకాహారం వండే ఇళ్లలో ఉట్టి పెరుగన్నం మీద కుక్కను పెంచలేరు. ప్యాకెట్ మేత తెచ్చుకోవడమే తేలిక, గిన్నె వంటింటి బయట కడుక్కోవచ్చు. నెలకోసారి పక్కటెముకలు తడమండి. చేతికి తగలాలి, కంటికి కనబడకూడదు.

పెట్టకూడనివి: ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, వండిన ఎముకలు. మన ఇళ్లలో అసలు చిక్కు చేపల పులుసు. ముల్లు, ఉల్లి, కారం అటుంచి చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఎక్కువ. ద్రాక్ష తిన్న కుక్కల మూత్రపిండాలు చెడడానికి కారణం అదేనని పశువైద్యులు అనుమానిస్తున్నారు. ఆదివారం మిగిలిన పులుసన్నం గిన్నెలో వేయొద్దు. చేప పెట్టాలంటే ఉప్పు, పులుపు లేకుండా ఉడికించి ముల్లు తీసి పెట్టండి. పాలు పోస్తే చాలా పెద్ద కుక్కలకు విరేచనాలే.

జ్వరమని మన పారాసిటమాల్, ఇబూప్రొఫెన్ మింగించొద్దు. మనకు ఒక మాత్ర, దానికి విషం.

## 9. పిల్లలూ, కరిచినప్పుడూ

ఐదేళ్లలోపు పిల్లలను కుక్కతో ఒంటరిగా నిమిషం కూడా వదలొద్దు. పెద్ద పిల్లలకు మూడే నియమాలు: తినేటప్పుడు ముట్టుకోవద్దు, పడుకున్నప్పుడు లేపొద్దు, మెడ చుట్టూ చేతులు వేసి వాటేసుకోవద్దు. కుక్క కరిచే ముందు చెబుతుంది. ఒళ్లు బిగుసుకుంటుంది, మూతి నాకుతుంది, ముఖం తిప్పి కంటికొసతో చూస్తుంది, ఆ తర్వాతే గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొడితే ఈసారి చెప్పకుండా కరుస్తుంది.

కరిచినా, గోరు గీరి రక్తం వచ్చినా, టీకాలు వేసిన కుక్కయినా సరే:

1. సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు. గడియారం చూసి.
2. పోవిడోన్ అయోడిన్. పసుపు, సున్నం, కారం, ఆకుపసరు ఏదీ వద్దు. గట్టి కట్టు వద్దు.
3. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి. చర్మంలోకి వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో (0 అంటే మొదటి టీకా పడిన రోజు). కండకు వేసేదైతే 0, 3, 7, 14, 28. రక్తం వచ్చిన గాయానికి చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే ఇంజెక్షన్) అవసరమా అని మీరే అడగండి.
4. కుక్కను 10 రోజులు గమనించండి. తరిమేస్తే దానికి రేబిస్ ఉందో లేదో చెప్పే ఈ ఆధారం పోతుంది.

## 10. ఎండ, వాన, టపాసులు

మే నెలలో నడక ఉదయం 7 లోపు, సాయంత్రం 6:30 తర్వాత. అరచేతి వెనకవైపు రోడ్డుకు ఆనించి ఐదు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదమూ ఉంచలేదు. విపరీతంగా రొప్పుతూ, చిగుళ్లు ఎర్రబడి, తూలితే వడదెబ్బ. నీడకు చేర్చి మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి ఫ్యాను వేయండి, తడుపుతూనే ఆసుపత్రికి. ఐసుగడ్డలు వద్దు, బలవంతంగా నీళ్లు పోయొద్దు.

మనకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాలివేళ్ల సందులు రోజూ తుడవండి, నిలవనీళ్లు తాగనివ్వొద్దు. తుఫాను హెచ్చరిక వస్తే చేయాల్సిన మొదటి పని కట్టు విప్పడం. నీళ్లొచ్చినప్పుడు కట్టేసిన పశువుకు దారి ఉండదు.

దీపావళి టపాసుల భయం తగ్గించే మందు ఆ రోజే అడిగితే లాభం లేదు. వారం ముందే డాక్టరును కలవండి. సాయంత్రం 5కే తిప్పి తెచ్చి, కిటికీలు మూసి, ఫ్యాను, టీవీ పెట్టి లోపలి గదిలో ఉంచండి. మెడపట్టీ మీద ఫోన్ నంబరు రాసి ఉండాలి.

## 11. వీధిలో మిగిలినవాటి సంగతి

ఒక కుక్కను లోపలికి తెచ్చినంత మాత్రాన సందు మారదు. ఇంట్లో పెట్టుకోలేనివాళ్లు చేయగలిగిన పని కూడా ఇక్కడే ఉంది. ఐదుగురు చాలు. ఒక లాంగ్‌నోటుబుక్కులో కుక్కకో పేజీ: ఫొటో, ఆడ మగ, చెవి కత్తిరింపు, టీకా తేదీ, ఎవరు పట్టుకోగలరు. ఈ పుస్తకం చేతిలో ఉంటే మున్సిపల్ కమిషనరు ముందు మాట వేరుగా ఉంటుంది. “కుక్కలు ఎక్కువయ్యాయి” అనడానికి, “మా వార్డులో 14 ఉన్నాయి, 5 ఆడవాటికి ఆపరేషన్ కాలేదు” అనడానికి తేడా అదే.

పది కుక్కల్లో ఏడింటికి టీకా పడితే రేబిస్ వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 14లో 10, అంతే.

మేత విషయంలో 2023 జంతు జనన నియంత్రణ నియమాలు, 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఉత్తర్వులు చెప్పేదాన్ని పనిలోకి తెస్తే:

- ఎక్కడపడితే అక్కడ కాదు, వార్డులో గుర్తించిన చోటే. బడి గేటు, గుడి మెట్లు, బస్టాపు దగ్గర అసలు వద్దు.
- ఒకే వేళ. పిల్లలు ఆడుకునే సమయం కాకూడదు.
- విస్తరాకు, కవరు, మిగిలిన అన్నం అరగంటలో ఎత్తేయాలి. పొరుగువాళ్ల ఫిర్యాదుల్లో చాలావి కుక్క మీద కాదు, ఈ చెత్త మీద.

కుక్కను చంపినా, అవిటిని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. విషం పెడతామనే మాట వినబడితే ముందు ఆ మనిషితో మాట్లాడండి, చాలాసార్లు వెనక ఒక కరిచిన పిల్లవాడు ఉంటాడు. ఆ పిల్లవాడి టీకాల బాధ్యత మీ ఐదుగురు తీసుకోండి.

## 12. ఆరు నెలల్లో పూర్తి కావాల్సినవి

- రేబిస్, కలిపి వేసే టీకాలు, కార్డు మీద తేదీలతో
- కుటుంబ నియంత్రణ ఆపరేషన్ (కుక్కకు ఆరు నెలల వయసు నిండాక), 10 నుంచి 14 రోజులు కుట్టు నాకకుండా మెడకు గరాటు లేదా పాత టీషర్టు
- మున్సిపాలిటీలో పెంపుడు కుక్క నమోదు. వీధి నుంచి తెచ్చుకుంటున్నట్టు దరఖాస్తు పెట్టి నకలు దాచుకోండి
- పేరు పిలిస్తే రావడం, తాడు లాగకుండా నడవడం
- మీరు ఊళ్లో లేనప్పుడు చూసుకునే ఒక మనిషి, ఆ మనిషితో కనీసం రెండు రాత్రులు గడిపిన అలవాటు

దత్తత తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్లదేనని అదే ఆగస్టు ఉత్తర్వు. బదిలీ వచ్చినా, ఇల్లు మారినా పాత సందులో వదిలి రావడం కుదరదు. ఆరు నెలల తర్వాత ఆ సందు కుక్కలు దాన్ని రానివ్వవు కూడా. మరో ఇల్లు చూడాలంటే కనీసం నెల ముందు మొదలుపెట్టండి. వచ్చేవాళ్లను మూడుసార్లు మీ ఇంటికే రమ్మనండి. టీకా కార్డు, గోనెపట్టా, గిన్నె కుక్కతోపాటే పంపండి. పట్టా ఉతకొద్దు, ఆ వాసనతోనే కొత్త ఇంట్లో మొదటి రాత్రి గడుస్తుంది.